కిటికీ లేని కమరా



సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్న జుమా నాడు వాట్సప్‌లో మూడు ఫొటోలు పంపాడు. మూడూ ఓడలోని గదులే. మొదటిదానికి బాల్కనీ, అందులో రెండు కుర్చీలు. రెండోదానికి గుండ్రటి కిటికీ, దాని వెనక నీలం. మూడోదానికి ఏమీ లేదు. మంచం, అద్దం, దీపం, నాలుగు గోడలు. సింగపూర్ నుంచి పెనాంగ్ వరకూ వెళ్లి తిరిగొచ్చే నాలుగు రాత్రుల సఫర్. "అబ్బా, మీకూ అమ్మీకీ ఏది కావాలో చెప్పండి, ఇవాళే బుక్ చేస్తా" అన్నాడు. బాల్కనీ గది ధర లోపలి గదికి దాదాపు రెట్టింపు. వాడి ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లుంది.

నేను మూడోది చాలన్నాను. మా బేగం ఫోన్ లాక్కుని చూసి, "ఇది గది కాదు, ఖబర్" అంది. అంతటితో ఆగలేదు. "లోపల ఫజర్ అయిందో ఇషా అయిందో ఎలా తెలుస్తుంది జీ? సముందర్ చూడ్డానికి వెళ్తూ సముందర్ కనబడని కమరా తీసుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా?"

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. ఇంట్లో తగాదా వస్తే తారీఖ్‌లోకి పారిపోవడం నాకు పాత అలవాటు. ఓడలో ఎవరికి ఏ గది దొరికింది, ఎవరికి అసలు గదే దొరకలేదు అని వెతుకుతూ కూర్చున్నాను. వెతికిన కొద్దీ సంగతి మా నాలుగు రాత్రుల సైర్ దాటి చాలా దూరం పోయింది.

ముందుగా మనందరికీ తెలిసిన ముసాఫిర్ ఇబ్న్ బతూతా. 1340ల మొదట్లో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయన్ని చైనా బాద్షా దగ్గరికి ఎల్చీగా, తోఫాలతో పంపాడు. కాలికట్ రేవుకొచ్చేసరికి అక్కడ పదమూడు చైనా ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. పెద్దదాన్ని జంక్ అనేవారు, చిన్నదాన్ని కకమ్. పెద్ద జంక్ అంటే తేలే బస్తీయే. నాలుగు అంతస్తులు, వెయ్యి మంది మనుషులు. అందులో ఆరు వందల మంది ఖలాసీలైతే మిగతావాళ్లు సిపాయిలు. కొయ్య తొట్లలో ఆకుకూరలు, అల్లం కూడా పెంచేవారట. వాటిల్లో తాళం వేసుకునే గదులుండేవి, కొన్నిటికి సొంత పాయఖానా కూడా. తలుపు మూసుకుంటే పక్కగదివాడికి నువ్వున్నావో లేదో తెలియదు. ఏడు వందల ఏళ్ల కిందట!

మన ఇబ్న్ బతూతా సాహెబ్‌కి అలాంటి గదే కావాలి, అదీ ఎవరితోనూ పంచుకోనిది. ఓడ వ్యవహారాలు చూసే ఏజెంటు సిరియా దేశస్తుడు. మంచి గదులన్నీ చైనా వర్తకులు రానూపోనూ ముందే తీసేసుకున్నారన్నాడు. తన అల్లుడిది ఒకటుంది, ఇస్తా, కానీ దానికి పాయఖానా లేదన్నాడు. గురువారం సామాను ఎక్కించారు. మర్నాడు జుమా నమాజ్ కోసం ఇబ్న్ బతూతా ఒడ్డునే ఉండిపోయాడు. ఆయన నౌకరు వచ్చి గది మరీ తంగ్‌గా ఉంది, పనికిరాదన్నాడు. నాఖుదాని అడిగితే ఇందులో ఇంకేమీ లేదు, కకమ్‌లోకి మారితే నచ్చిన గది ఏరుకోవచ్చన్నాడు. సరేనని సామానూ, బాందీలూ అన్నీ చిన్న ఓడలోకి మారాయి.

ఆ రాత్రి సముద్రం లేచింది. పెద్ద జంక్ ఒడ్డుకు కొట్టుకుని ముక్కలైంది. అందులోనివాళ్లు మునిగిపోయారు, సుల్తాన్ తోఫాలు కూడా. తనతో దిల్లీ నుంచి వచ్చిన సహచరుల మయ్యత్‌లు ఒడ్డుకు కొట్టుకొస్తే జనాజా చదివి దఫన్ చేశాడు. ఇది చూసి కకమ్‌లోని వాళ్లు తెరచాపలెత్తి, ఆయన సామానుతో సహా వెళ్లిపోయారు. చివరికి ఆయన చేతిలో మిగిలింది పది దీనార్లు, పరుచుకునే ఒక తివాచీ.

ఈ ఖిస్సా చెబితే మా బేగం, "చూశారా, ఇరుకు గది వద్దన్నందుకే బతికాడు" అంది. నేను ఒప్పుకోలేదు. ఆయన బతికింది జుమాకి ఒడ్డున ఉన్నందుకు. గది మార్చినందుకు నీళ్లపాలు కాకుండా మిగిలింది ఆయన సామాను, ఆ ఆడవాళ్లు. వాళ్లలో గర్భవతి అయిన ఒకామె తర్వాత చనిపోయిందని ఆయనే రాశాడు. ఏ ఓడలో ఏ గది కావాలని ఆ బాందీలను ఎవరడిగారు? గది ఏరుకోవడం అనేది మొదట్నుంచీ కొద్దిమందికి దొరికిన సౌకర్యం. ఆయన కితాబ్ చదువుతున్నప్పుడు నాకు ఇష్టమూ కలుగుతుంది, కోపమూ వస్తుంది. రెండూ దాచుకోను.

ఆయనకంటే నూట అరవై ఏళ్ల ముందు, 1183లో, అందలుస్ నుంచి హజ్‌కి వచ్చిన ఇబ్న్ జుబైర్ అయ్‌ధాబ్ రేవులో ఓడెక్కి ఎర్ర సముద్రం దాటి జిద్దా చేరాడు. ఓడ అంటే ఓడ కాదు, మేకు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవ. గదుల మాటే లేదు. గూట్లో కోళ్లను కుక్కినట్టు హాజీలను ఒకరి మీద ఒకర్ని ఎక్కించి, ఒక్క ట్రిప్పులోనే పడవ ఖరీదు రాబట్టుకోవాలని చూసే యజమానుల మీద ఆయన మండిపడ్డాడు. పడవ ఇవ్వడం వరకే వాళ్ల పూచీ, ప్రాణం కాపాడుకోవడం హాజీ పూచీ అన్నట్టుండేదట వాళ్ల వ్యవహారం. ఏ కాలంలోనైనా హాజీ ఎలాగూ వస్తాడు. రేటు ఎంతైనా వస్తాడు, చోటు ఎలాంటిదైనా వస్తాడు. అది ఓడవాడికి బాగా తెలుసు.

మన తెలుగు తీరం సంగతి ఒక్క మాటలో చెబుతాను. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రానికి జహాజులు వెళ్లేవి, బియ్యం, బట్టలతో పాటు హాజీలు కూడా. తర్వాత ఆవిరి ఓడలొచ్చాక హజ్ దారి మనకి దాదాపుగా బొంబాయి అయిపోయింది.

ఆవిరి ఓడ వేగం తెచ్చింది, దాంతోపాటే కిటికీ లేని కష్టాన్ని కూడా తెచ్చింది. ఓడకి పై డెక్కుకీ, అడుగున సరుకుల కొట్టుకీ మధ్య ఉండే అంతస్తులు చాలా ఓడల్లో సరుకు కోసం కట్టినవే. హజ్ మౌసమ్ వస్తే ఆ అంతస్తులే ముసాఫిర్ల కమరాలు. తెల్లవాళ్ల ఫస్టు క్లాసు గదులు పైన, గాలి తగిలేచోట. గరీబ్ హాజీల చాపలు కింద. పక్కగోడలకి గుండ్రటి రంధ్రాలున్నా, సముద్రం పొంగిందంటే వాటికి ఇనుప మూతలు బిగించేస్తారు. హజ్ చంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కదా, అలా కొన్నేళ్లు వరుసగా సఫర్ సరిగ్గా వానాకాలంలో పడుతుంది. అరేబియా సముద్రం నల్లగా లేచే ఆ నెలల్లో కిందివాళ్లకి వెలుతురూ లేదు, గాలీ లేదు. పైకి వెళ్దామంటే డెక్కు మీద నీళ్లు.

చోటు ఎంత? 1926 అంతర్జాతీయ శానిటరీ ఒప్పందం దీన్ని కాగితం మీద రాసింది: వయసుతో నిమిత్తం లేకుండా ఒక్కో హాజీకి పదహారు చదరపు అడుగులు, కప్పు ఎత్తు సుమారు ఆరడుగులు. పదహారు అడుగులంటే అర్థం కావడానికి నేను మా హాల్లో రెండు జానమాజ్‌లు పక్కపక్కన పరిచి చూశాను. సరిగ్గా అంత. అందులోనే పడక, పెట్టె, నీళ్ల కూజా. చాలా ఏళ్లు వంట కూడా వాళ్లదే, పొయ్యి, బొగ్గులు, బియ్యం అన్నీ మోసుకెళ్లేవాళ్లు. ఇది హాజీకి మేలు చేసే నిబంధనగా చేసుకున్న ఒప్పందం అని గుర్తుంచుకోండి. అంతకుముందు ఎలా ఉండేదో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

మా అబ్బాయి పంపిన మూడో ఫొటోలోని గది నూట యాభై చదరపు అడుగుల పైచిలుకు. ఇద్దరికి.

ఇక పెనాంగ్. మేం వెళ్లబోయేది అక్కడికే కాబట్టి ఈ ఖిస్సా నన్ను నిద్రపోనివ్వలేదు. 1880 జులైలో 'జెద్దా' అనే ఆవిరి ఓడ సింగపూర్ నుంచి బయల్దేరి, పెనాంగ్‌లో హాజీలను ఎక్కించుకుని, జిద్దాకి సాగింది. సింగపూర్‌లోని అల్‌సగాఫ్ అనే అరబ్ ఖాందాన్‌ది ఆ ఓడ. లోపల దాదాపు 950 మంది హాజీలు, ఆడవాళ్లు, పిల్లలతో సహా. ఆగస్టు మొదట్లో ఆఫ్రికా కొమ్ము దగ్గర తుఫానుకి బాయిలర్లు కదిలిపోయాయి, నీళ్లు లోపలికొచ్చాయి. హాజీలు రాత్రింబవళ్లు నీళ్లు తోడారు. ఒక రాత్రి కెప్టెన్, ఆయన భార్య, పెద్ద అధికారులు లైఫ్‌బోటు దించుకుని వెళ్లిపోయారు. వేరే ఓడ వాళ్లను ఏడెన్ చేర్చింది. 'జెద్దా' మునిగిపోయింది, అందులోనివాళ్లంతా పోయారు అని అక్కడ చెప్పారు. లండన్‌కి తంతి కూడా వెళ్లింది.

ఆ మర్నాడే 'జెద్దా' ఏడెన్ రేవులోకి వచ్చింది. ఆంటెనార్ అనే ఓడ దాన్ని చూసి, తాడు కట్టి లాక్కొచ్చింది. పోయారనుకున్న వందలాది మంది డెక్కు మీద నిలబడి ఉన్నారు. విచారణ జరిగి కెప్టెన్ సర్టిఫికెట్‌ని మూడేళ్లు ఆపేశారు. మూడేళ్లే! ఈ సంగతి ఆధారంగానే జోసెఫ్ కాన్రాడ్ 1900లో 'లార్డ్ జిమ్' నవల రాశాడు. నవల గొప్పదే, కానీ అందులో దిగులంతా పారిపోయిన తెల్ల అధికారిది. కింద నీళ్లు తోడినవాళ్లలో ఒక్కరి పేరైనా మనకి గుర్తుండేలా ఆయన చెప్పలేదు.

పైనున్నవాళ్ల గదుల సంగతి కూడా కాస్త చూద్దాం, అందులో మనకో చుట్టరికం ఉంది. బిబీ లైన్ అనే కంపెనీ లివర్‌పూల్ నుంచి రంగూన్‌కి ఓడలు నడిపేది. లోపలి వరస గదులకి కూడా కిటికీ ఉండాలని వాళ్లో ఉపాయం చేశారు. గదిని ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంచి, బయటి గది పక్కనుంచి సన్నటి సందు తీసి, దాని చివర గుండ్రటి కిటికీ పెట్టారు. బిబీ కేబిన్ అనే పేరు ఓడలు కట్టేవాళ్ల నోట అలాగే నిలిచిపోయింది. బర్మా పోయే దొరకి చారెడు గాలి అందించడానికి ఇంత దిమాగ్ పెట్టారు. అదే కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి అదే రంగూన్‌కి వేలకి వేల తెలుగు కూలీలు డెక్కు మీద మూటల్లా వెళ్లారు. అక్కడ వాళ్లందర్నీ కోరంగివాళ్లు అనేవారు. వాళ్ల కోసం ఎవరూ సందు తీయలేదు.

ఇంగ్లీషులో 'పాష్' అనే మాట కూడా ఓడ గదుల నుంచే పుట్టిందని చాలామంది చెబుతారు. ఇండియాకి వచ్చేటప్పుడు ఎడమవైపు, వెళ్లేటప్పుడు కుడివైపు గది తీసుకుంటే ఎండ తగలదని దొరలు టికెట్ల మీద నాలుగక్షరాలు కొట్టించుకునేవారట. నేనూ క్లాసులో చెప్పాను, పిల్లలు నవ్వేవారు. నిఘంటువులు రాసేవాళ్లు ఎంత వెతికినా అలాంటి టికెట్ ఒక్కటీ దొరకలేదు. నా పాత విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే మాఫ్ చేయండి. మాట పుట్టుక అబద్ధమే కావచ్చు, ఎర్ర సముద్రంలో ఎండ మాత్రం నిజం. ఆ రోజుల్లో కిటికీ నజారా కోసం కాదు, ఊపిరి కోసం. గాలిని లోపలికి మళ్లించడానికి కిటికీలో రేకు దొన్నెలు బిగించేవారు. ఓడల్లో గదులన్నిటికీ ఏసీ రావడం 1950ల తర్వాతి మాట. ఏసీ వచ్చాకే కిటికీ షౌకు వస్తువైంది. 1984లో 'రాయల్ ప్రిన్సెస్' అనే ఓడని లోపలి గది ఒక్కటీ లేకుండా కట్టారు. ఆ తర్వాత లోపలి గది అంటే పొదుపుగా వెళ్లేవాడి గది. 2011లో 'డిస్నీ డ్రీమ్' ఓడలో లోపలి గదుల గోడకి గుండ్రటి తెర పెట్టి, బయట కెమెరా చూస్తున్న సముద్రాన్ని అందులో చూపించారు. నఖిలీ కిటికీ! ఇది చెబితే మా బేగం పావుగంట నవ్వింది.

ఇంతవరకూ కితాబుల మాట. ఇప్పుడు ఇంటి మాట.

మా దాదా, దాదీమా 1966లో హజ్‌కి ఓడలో వెళ్లారు. కర్నూలు నుంచి గుంతకల్లు, అక్కడ మద్రాసు-బొంబాయి మెయిలు, బొంబాయిలో ముసాఫిర్‌ఖానాలో ఐదు రోజులు. టికెట్ డెక్కు క్లాసు. డెక్కు అంటే పైన, ఆకాశం కింద అనుకున్నాడట దాదా. ఓడెక్కాక మెట్లు కిందికి దిగమన్నారు, మళ్లీ కిందికన్నారు. రెండు డెక్కుల మధ్య కూడా డెక్కేనని అప్పుడు తెలిసింది. దాదీమా ఓడ పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకది ఉత్త జహాజే.

"పన్నెండు రోజులు సముందర్ మీద ఉన్నాం బేటా, చూసింది తక్కువ, విన్నది ఎక్కువ" అనేది. ఇనుప గోడకి చెవి ఆనిస్తే అవతల నీళ్లు రాసుకుంటూ పోయేవట. పగలు, రాత్రి తేడా లేదు, ఎప్పుడూ ఒకే పచ్చ బల్బు. ఫజర్‌కి మెట్ల మీద ఎవరో అజాన్ ఇచ్చేవారు. ఆ గొంతుతో పాటు పైనుంచి తడి గాలి దిగేదని, అజాన్ కంటే ముందు ఆ గాలికే మెలకువ వచ్చేదని చెప్పేది. పక్క చాప ఆదోని ఆవిడది. ఆవిడ గోంగూర పచ్చడి, దాదీమా మామిడికాయ ఆచార్. అటు పక్కన భాష తెలియని బిహారీ ముసలమ్మ, ఆమెకి రెండూ కావాలి. యలమ్‌లమ్‌కి ఎదురుగా వచ్చినప్పుడు ఓడ కూత వేసిందట. అందరూ ముందే గుసుల్ చేసి, ఇహ్‌రామ్ కట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఆ కిందంతా లబ్బైక్‌తో నిండిపోయింది, ఇనుప గోడలకి తగిలి ఆ ఆవాజ్ ఇంకా పెద్దదైంది. పైన డెక్కు మీద అయితే గాలికి కొట్టుకుపోయేది కదా అనేది దాదీమా.

ఇంకొకటి కూడా చెప్పేది, ఎప్పుడో గానీ చెప్పేది కాదు. జిద్దాకి ఇంకా మూడు రోజులుందనగా ఆ బిహారీ ముసలమ్మ పోయింది. ఆడవాళ్లే గుసుల్ ఇచ్చి కఫన్ చుట్టారు. పైన జనాజా నమాజ్ అయ్యాక బరువు కట్టి సముద్రంలోకి దించారు. ఓడ వేగం తగ్గి, మళ్లీ ఎప్పటిలాగే కదిలింది. దాదీమా చివరి మెట్టు మీద నిలబడి చూసి కిందికొచ్చింది. ఆ చాప అక్కడే ఉంది. దాని మీద సగం తిన్న ఆచార్ గిన్నె ఉంది. "ఆ రాత్రి కిటికీ లేనందుకు అల్లాహ్‌కి షుక్ర్ చేశాను" అనేది దాదీమా.

హాజీల ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు విమానంలో కొద్ది గంటల పని, కిటికీ సీటు కోసం పిల్లలు తగవులాడుకుంటారు. 2018లో సముద్ర మార్గం మళ్లీ తెరవడానికి సౌదీ ప్రభుత్వం ఒప్పుకుందని పేపర్లలో వచ్చింది. కొత్త ఓడలైతే మూడు నాలుగు రోజుల్లో చేరతాయన్నారు. అప్పుడు మా మస్జిద్ మెట్ల మీద కూర్చుని ముసలివాళ్లం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈ దాదీమా మాట మా బేగంకి నేనెప్పుడూ చెప్పలేదని మొన్నే తెలిసింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఎలా తప్పిపోయిందో. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణుంచే, "వాణ్ణి అడగండి, లోపలి గదే తీసుకుంటే ఓడకి నడుమ, కింది అంతస్తులో దొరుకుతుందా? అక్కడ ఊపు తక్కువంట" అంది. ఫోన్‌లో తనూ ఏదో చదివినట్టుంది. మాట నిజమే. తక్కెడ ముల్లులాగా ఓడకి కూడా నడిమి భాగం తక్కువ ఊగుతుంది.

ఆదివారం నాడు గది నంబరు వచ్చింది. ఐదో అంతస్తు, నడుమ, కిటికీ లేదు. మా బేగం పెట్టెలో ముందుగా పెట్టింది పాత కీ అలారం గడియారం, ఒక జీరో బల్బు, దానికి ప్లగ్గు. ఫజర్‌కి నన్ను లేపడం తన బాధ్యత అంది. లేచాక లోపలే నమాజ్ చేసుకుని పైకెళ్లాలట. ఓడ పెనాంగ్ రేవులోకి ఎన్ని గంటలకు వెళ్తుందో అబ్బాయిని కనుక్కోమంది. ఆ వేళకి డెక్కు మీద ఉండాలంది. 'జెద్దా' బయల్దేరింది ఏ వైపు నుంచో నేను చూపించాలట.

రేవు పాత నక్షా కోసం వెతుకుతున్నాను. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, మీ దాదీ, నానీల జహాజ్ సఫర్ కబుర్లు ఉంటే, దయచేసి రాయండి.